"నాటు" ఏ భాషలో వినిపించింది? ఓటీటీ వేదికలపై 'ఆర్ఆర్ఆర్' పాఠాంతరాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వం వహించిన 'ఆర్ఆర్ఆర్' సినిమా 2022 మే నెలలో నెట్‌ఫ్లిక్స్ ద్వారా విదేశీ ప్రేక్షకులకు చేరింది. అక్కడికి వెళ్లింది తెలుగు రూపం కాదు, హిందీ రూపం. తెలుగు రూపం అదే సమయంలో మరొక వేదికకు పరిమితమైంది. ఈ విభజన సినిమా అర్థాన్ని ఎక్కడ, ఎంతవరకు మార్చిందో ప్రధానంగా "నాటు" అనే మాట ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. డబ్బింగ్ రూపాలను ఒకే సినిమాకు నకళ్లుగా కాక, ప్రాచీన గ్రంథాల ప్రతుల మధ్య కనిపించే పాఠాంతరాల వంటివిగా చదవాలన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: ఓటీటీ, డబ్బింగ్, ఉపశీర్షికలు, పాఠాంతరం, దేశి, మాండలికం, గోండీ, 'ఆర్ఆర్ఆర్'.

1. ప్రవేశిక

2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 95వ ఆస్కార్ పురస్కార ప్రదానోత్సవంలో 'ఆర్ఆర్ఆర్' లోని "నాటు నాటు" పాటకు ఉత్తమ మౌలిక గీతం పురస్కారం లభించింది. సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి, గీత రచయిత చంద్రబోస్ ఆ పురస్కారాన్ని అందుకున్నారు. గాయకులు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ వేదిక మీద పాటను తెలుగులోనే పాడారు. తెలుగు సాహిత్య, సినిమా రంగాలు ఈ సందర్భాన్ని భాషకు దక్కిన గౌరవంగా భావించడం సహజమే.

అయితే ఆ రాత్రికి ముందు దాదాపు పది నెలల పాటు నెట్‌ఫ్లిక్స్‌లో ఈ సినిమాను చూసిన విదేశీయులలో చాలామందికి ఆ పాట మొదట వినిపించింది "నాచో నాచో"గా. పురస్కారం పొందిన పాటా, విస్తారంగా చేరిన పాటా బాణీలో ఒకటే. మాటలో మాత్రం వేరు. ఆ ఉత్సవంలో వ్యాఖ్యాత సైతం ఈ సినిమాను బాలీవుడ్ చిత్రంగా పేర్కొనడం అప్పట్లో విమర్శకు గురైంది. ఇది బాలీవుడ్ సినిమా కాదని, దక్షిణ భారతదేశానికి చెందిన తెలుగు సినిమా అని దర్శకుడు అంతకుముందే అమెరికాలోని ఒక ప్రదర్శనలో స్పష్టం చేసి ఉన్నాడు. వ్యాఖ్యాత పొరపాటును అజ్ఞానంగా కొట్టిపారేయడం తేలిక. కాని హిందీలో విని, హిందీ పాటలకు తల ఊపిన ప్రేక్షకుడు దానిని హిందీ సినిమాగా భావించడంలో ఆశ్చర్యపడవలసింది ఏముంది? ఆ ప్రేక్షకుడికి చేరిన పాఠం అదే.

2. ఓటీటీకి ముందు దారులు

తెలుగు సినిమా పరభాషా ప్రేక్షకుల వద్దకు వెళ్లడం కొత్త కాదు. బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' (1951) చైనా భాషలో ఉపశీర్షికలతో ఆ దేశంలో ప్రదర్శితమైంది. 'నర్తనశాల' (1963) జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఎస్.వి. రంగారావుకు ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చింది. 'శంకరాభరణం' (1980) ఫ్రాన్స్‌లోని బెజాన్‌సాన్ ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతి పొందింది. ఈ ప్రయాణాలు ప్రభుత్వాల ద్వారానో ఉత్సవ నిర్వాహకుల ద్వారానో జరిగాయి. చూసినవారు తక్కువే. సినిమా వెళ్లినప్పుడు దాని ధ్వని కూడా దానితోనే వెళ్లడం ఆ దారుల సాధారణ లక్షణం. అర్థం కింది వరుసలో అక్షరాలుగా నడిచేది, గొంతు మాత్రం మూలభాషదే.

ఆ తరువాత దశలో ధ్వని, చిత్రం విడివిడి సరుకులయ్యాయి. ఉపగ్రహ టెలివిజన్ ఛానెళ్లు తెలుగు సినిమాల హిందీ డబ్బింగ్ రూపాలను నిత్యం ప్రసారం చేశాయి. తరువాత గోల్డ్‌మైన్స్ వంటి సంస్థలు వాటినే యూట్యూబ్‌లో ఉచితంగా ఉంచాయి. 'మాస్' అక్కడ 'మేరీ జంగ్: వన్ మ్యాన్ ఆర్మీ' అయింది, 'రేసుగుర్రం' 'మై హూఁ లక్కీ: ది రేసర్' అయింది. 'సరైనోడు' (2016) హిందీ రూపాన్ని యూట్యూబ్‌లో వీక్షించిన సంఖ్య పది కోట్లు దాటింది. ఉత్తర భారతంతో పాటు నేపాల్, బంగ్లాదేశ్ వంటి పొరుగు దేశాలలోనూ ఈ రూపాలకే ఆదరణ ఏర్పడింది. విమర్శకులు ఈ దశను పెద్దగా పట్టించుకోలేదు. రంగుల పోస్టర్లు, నాటకీయమైన పేర్లు చూసి దానిని నాసిరకం వ్యాపారంగా వదిలివేశారు. నిజానికి తెలుగు సినిమాకు విదేశాలలో లభించిన తొలి విస్తృత ఆన్‌లైన్ ప్రేక్షకవర్గం ఇదే. వీరు చూసింది తెలుగు కథానాయకులను, విన్నది హిందీని. ఓటీటీ ఈ పద్ధతిని కనిపెట్టలేదు. దానికి మెరుగైన చిత్రనాణ్యతను, ప్రతిష్ఠను చేకూర్చింది.

3. హక్కుల విభజన, ప్రేక్షకుల విభజన

'ఆర్ఆర్ఆర్' 2022 మార్చి 25న థియేటర్లలో విడుదలైంది. మే 20న ఓటీటీకి వచ్చేసరికి హక్కులు భాషల వారీగా చీలి ఉన్నాయి. హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌కు, తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ రూపాలు జీ5కు దక్కాయి. నెట్‌ఫ్లిక్స్ 190కి పైగా దేశాలలో లభించే వేదిక. జీ5 భారతదేశం వెలుపల కూడా ఉన్నప్పటికీ, దానిని వెతుక్కుని చందా కట్టేది ప్రధానంగా ప్రవాస భారతీయులే.

దీని ఫలితాన్ని ఒక అమెరికా నగరంలోని రెండు ఇళ్లను ఊహించుకుని అర్థం చేసుకోవచ్చు. ఒక ఇంట్లో తెలుగు కుటుంబం జీ5లో తెలుగు విన్నది. పక్కింటి అమెరికా కుటుంబం నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ విన్నది. మరుసటి రోజు ఆ రెండు కుటుంబాలు ఒకే సినిమా గురించి మాట్లాడుకున్నట్లే ఉంటుంది, కాని మాట్లాడుకునేది రెండు పాఠాల గురించి. నెట్‌ఫ్లిక్స్ వారంవారం ప్రకటించే ఆంగ్లేతర చిత్రాల మొదటి పది స్థానాలలో ఈ సినిమా పది వారాలకు పైగా నిలిచింది. తెలుగు సినిమాకు అంతర్జాతీయ ప్రాచుర్యం అని అందరూ చెప్పుకునే ఆ లెక్క వాస్తవానికి హిందీ పాఠానికి సంబంధించినది.

ఇది వేదికల సహజ స్వభావం కాదు, ఒప్పందాల ఫలితం. సుకుమార్ 'పుష్ప: ది రైజ్' విషయంలో క్రమం తారుమారైంది. ప్రైమ్ వీడియోలో తెలుగు, ఇతర దక్షిణాది రూపాలు 2022 జనవరి 7న రాగా, హిందీ రూపం వారం తరువాత 14న వచ్చింది. అంటే ఏ గొంతు ముందు చేరాలనేది నిర్మాతలు, పంపిణీదారులు కాగితం మీద నిర్ణయించే సంగతి. సాహిత్య విమర్శ ఇటువంటి ఒప్పందాలను వాణిజ్య విషయాలుగా పక్కన పెడుతుంది. అర్థాన్ని నిర్ణయించే మొదటి చోటు అదే అయినప్పుడు పక్కన పెట్టడం కుదరదు.

4. "నాటు" నుంచి "నాచో" వరకు

తెలుగులో "నాటు" విశేషణంగా వాడే మాట. నాటుకోడి, నాటువైద్యం, నాటుసారా, నాటుపడవ, నాటుబాంబు వంటి వాడుకలలో అది రెండు దిశలకు లాగుతుంది. ఒకవైపు స్థానికం, అసలైనది, కల్తీలేనిది; మరొకవైపు మోటు, నాగరికత తెలియనిది, చట్టానికి బయట తయారైనది. నాటుకోడికి మార్కెట్లో ధర ఎక్కువ, నాటుమనిషికి పట్నంలో విలువ తక్కువ. దేశం అనే అర్థమున్న "నాడు"తో దీనికి సంబంధం ఉంది. ఆ లెక్కన ఇది తెలుగు అలంకారికులు, కవులు చెప్పిన "దేశి"కి వాడుకభాషలోని రూపం. నన్నెచోడుడు మార్గ కవితకు ఎదురుగా దేశి కవితను నిలిపాడు. జాయప సేనాని 13వ శతాబ్దంలో 'నృత్తరత్నావళి'లో మార్గ నృత్తాలతో పాటు దేశి నృత్తాలకూ శాస్త్రగౌరవం కల్పించాడు. సినిమా పేరు విస్తరణ "రౌద్రం రణం రుధిరం" పూర్తిగా సంస్కృతమయం కాగా, దాని పతాకగీతం పేరు "నాటు" కావడం ఈ సంప్రదాయం తెలిసినవారికి ఆసక్తి కలిగించే సంగతి.

పాట వచ్చే సన్నివేశంలో ఒక ఆంగ్లేయ యువకుడు పాశ్చాత్య నృత్యాల పేర్లు వల్లించి భీమ్‌ను అవమానిస్తాడు. భారతీయులకు నృత్యం తెలియదన్నది అతని ఆరోపణ. రామరాజు దరువు అందుకుని, ఆ పేర్ల వరుసకు జవాబుగా "నాటు" అనే పేరును ముందుకు తెస్తాడు. గమనించవలసిన విషయం, నాటు అనే పేరుతో ప్రత్యేకమైన నృత్యరీతి ఏదీ లేదు. టాంగో, ఫ్లమెంకో నామవాచకాలు; నాటు విశేషణం. తిట్టుగా వాడదగిన విశేషణాన్ని పేరుగా మార్చి, ఎదుటివాడి పేర్ల సరసన నిలబెట్టడమే ఆ సన్నివేశంలోని భాషాచర్య. అవమానం గర్వంగా మారేది నృత్యంలో కంటే ముందు ఈ మాటలోనే.

చంద్రబోస్ రచన ఈ చర్యను కొనసాగిస్తుంది. చరణాలలో గ్రామదేవత జాతర, కర్రసాము, మర్రిచెట్టు నీడ, జొన్నరొట్టె వంటి దృశ్యాలు వరుసగా వస్తాయి. "-ఇనట్టు" అనే ఉపమావాచక రూపం పంక్తి చివర మళ్లీ మళ్లీ పడి దరువుగా మారుతుంది. చకారం స్థానంలో సకారం పలికే జానపద ఉచ్చారణ కూడా ఉంది. ఇంకొక సూక్ష్మాంశం: ఈ దృశ్యాలు ఏ ఒక్క ప్రాంతానివీ కావు. "తొక్కు" అనే మాటలో తెలంగాణ వినిపిస్తే, పోలేరమ్మ పేరులో ఆంధ్ర, రాయలసీమల గ్రామాలు కనిపిస్తాయి. ఆదిలాబాద్ అడవుల భీమ్, గోదావరి మన్యం రామరాజు ఒకే అడుగు వేసే పాటలో మాటలు కూడా రెండు ప్రాంతాల నుంచి వచ్చి కలుస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాలు ఏర్పడిన ఎనిమిదేళ్లకు వచ్చిన సినిమాలో ఇది ఉద్దేశపూర్వకమైనా కాకపోయినా అర్థవంతమే.

హిందీ పాఠంలోని "నాచో" ఆజ్ఞార్థక క్రియ. "నాట్యం చేయండి" అని దాని అర్థం. సాంకేతికంగా ఇది తెలివైన ఎంపిక. మొదటి అక్షరం "నా" యథాతథంగా నిలిచింది. రెండవ అక్షరంలోని ఉకారం, ఓకారం రెండూ పెదవులను గుండ్రం చేసేవే కనుక నటుల పెదవుల కదలికకు భంగం రాదు. లయ చెడలేదు. కాని "నాటు" మోసిన వాదం మొత్తం జారిపోయింది. "నాచో"లో తిట్టు లేదు కనుక గర్వమూ లేదు. స్థలం లేదు, నాడు లేదు. మిగిలింది ఆహ్వానం మాత్రమే.

ఇతర దక్షిణాది రూపాలతో పోల్చితే ఈ నష్టం మరింత స్పష్టమవుతుంది. తమిళంలో "నాట్టు కూత్తు" అనడం ద్వారా నాడు అనే అర్థమూ, జానపద ప్రదర్శనరీతి అయిన కూత్తు కూడా నిలిచాయి. కన్నడ "హళ్ళి నాటు" పల్లెను జోడించి మూలపదాన్ని ఉంచుకుంది. మలయాళంలో "కరింతోల్" అనే మాట నల్లని చర్మాన్ని స్ఫురింపజేసి, ఆ సన్నివేశంలోని జాత్యహంకారానికి సూటిగా జవాబు చెప్పింది. ఈ మూడు పాఠాలూ మూలంలోని ఏదో ఒక పార్శ్వాన్ని పట్టుకున్నాయి. మలయాళ పాఠం మూలం కంటే ఒక అడుగు ముందుకు వేసిందన్నా తప్పులేదు. నెట్‌ఫ్లిక్స్ ప్రపంచానికి అందించింది మాత్రం ఐదింటిలో అర్థభారం అన్నింటికంటే తక్కువగా ఉన్న పాఠాన్ని. విదేశీ ప్రేక్షకులు ఆ పాటలో అడుగుల వేగాన్నే ప్రధానంగా మెచ్చుకున్నారంటే, వారికి అందిన మాటలో అంతకు మించి లేకపోవడం కూడా ఒక కారణం.

5. భాషే కథ అయిన చోట

ప్రారంభ సన్నివేశాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గోండు పల్లెకు వచ్చిన దొరసాని మల్లి అనే బాలిక పాటకు, చేతిపని నైపుణ్యానికి ముచ్చటపడి నాణేలు విసురుతుంది. పాటకు బహుమానమని తల్లి అనుకుంటుంది. ఆ నాణేలు బిడ్డను కొన్న వెల అని ఆమెకు తెలిసేసరికి బిడ్డ వాహనంలో ఉంటుంది. అంటే ఈ మూడు గంటల సినిమా ఒక అనువాద లోపంతో మొదలవుతుంది. పాలకుల భాష తెలియనివారు తమ బిడ్డను అమ్ముకున్నామని కూడా తెలుసుకోలేని స్థితి కథకు బీజం. తరువాత భీమ్, జెన్నీల పరిచయం మొత్తం ఒకరి మాట ఒకరికి తెలియకపోవడం మీదనే నడుస్తుంది. ఇద్దరు కథానాయకుల మధ్య అసలైన అంతరం బలంలో లేదు, ఆంగ్లం తెలియడంలో ఉంది. రామరాజుకు పాలకుల భాష తెలుసు, భీమ్‌కు తెలియదు. చివరలో ఏం కావాలని రామరాజు అడిగినప్పుడు భీమ్ చదువు కోరడం అందువల్లనే సహజంగా అనిపిస్తుంది.

ఇటువంటి కథను డబ్ చేసినప్పుడు ఒక చిక్కు ఏర్పడుతుంది. తెలుగు, హిందీ పాఠాలలో తెల్లవారి ఆంగ్లానికీ భీమ్ భాషకూ మధ్య ఎడం నిలిచి ఉంటుంది. అన్ని సంభాషణలనూ ఆంగ్లంలోకి డబ్ చేసి వింటే, ఒకే భాష మాట్లాడే ఇద్దరు ఒకరికొకరు అర్థం కానట్లు నటించడం కనిపిస్తుంది. కాబట్టి ఆంగ్ల ప్రేక్షకుడికి ఈ సినిమాను న్యాయంగా చేర్చగలిగేది డబ్బింగ్ కాదు, ఉపశీర్షికే.

ఉపశీర్షికకు ఉన్న ఇబ్బందులు వేరు. నెట్‌ఫ్లిక్స్ ఆంగ్ల ఉపశీర్షికల నియమావళి ప్రకారం వరుసకు 42 అక్షరాలు, ఒకసారికి రెండు వరుసలు, తెర మీద గరిష్ఠంగా ఏడు సెకన్లు. ఈ ఇరుకులో వావివరసలు, మీరు-నువ్వు భేదాలు, యాసలు ముందుగా రాలిపోతాయి. భీమ్ మాటలో వినిపించే తెలంగాణ పలుకుబడికీ రామరాజు మాటతీరుకూ ఉన్న భేదం ఆంగ్ల అక్షరాలలో చదును కాక తప్పదు. అయినా మూలధ్వని వినిపిస్తున్నంతసేపు ప్రేక్షకుడి చెవికి ఇద్దరూ వేరువేరుగా మాట్లాడుతున్నారన్న అనుమానమైనా మిగులుతుంది. అనువాదకుడు కనిపించకుండా పోవడమే మంచి అనువాద లక్షణమన్న భావనను లారెన్స్ వెనూటి 1995లో విమర్శించాడు. అనువాదపు అతుకును దాచని ఉపశీర్షికలు కావాలని ఏబ్ మార్క్ నోర్నెస్ 1999లో వాదించాడు. "నాటు"ను అనువదించకుండా అలాగే ఉంచి, ప్రేక్షకుడిని ఆ మాట దగ్గర కాసేపు తడబడనివ్వడం వారు కోరిన పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

అది అసాధ్యమేమీ కాదని రుజువు కూడా ఉంది. జపాన్‌లో 2022 అక్టోబర్ 21న ఈ సినిమా తెలుగు ధ్వనితో, జపనీస్ ఉపశీర్షికలతో థియేటర్లలో విడుదలైంది. 1998లో అక్కడ విడుదలైన 'ముత్తు' చిరకాలంగా నిలబెట్టుకున్న వసూళ్ల రికార్డును దాటింది. జపనీస్ డబ్బింగ్ రూపం 2023లో, అంటే ఆదరణ స్థిరపడిన తరువాతనే వచ్చింది. 2024 జనవరిలో స్త్రీలే అన్ని పాత్రలూ ధరించే తకరాజుకా నాటక సంస్థ దీనిని రంగస్థలం మీదికి తెచ్చింది. అమెరికాలోనూ 2022 జూన్ 1న వందకు పైగా థియేటర్లలో జరిగిన ప్రత్యేక పునఃప్రదర్శన తెలుగు ధ్వనితోనే సాగింది. మూలభాష వినిపిస్తే విదేశీ ప్రేక్షకుడు పారిపోతాడన్న వ్యాపార భయానికి ఈ రెండు ఉదాహరణలలో ఆధారం దొరకదు.

పాఠాంతరాల ప్రతిపాదనకు కారణం ఇదే. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు తాను ఏ ప్రతిని ఆధారంగా తీసుకున్నాడో పీఠికలో చెప్పకుండా ముందుకు సాగడు. సినిమాపై వెలువడే పరిశోధన వ్యాసాలు, సిద్ధాంతగ్రంథాలు మాత్రం సినిమా పేరు, సంవత్సరం, దర్శకుడి పేరు ఇచ్చి ఊరుకుంటున్నాయి. ఏ వేదికలో, ఏ ధ్వనితో, ఏ ఉపశీర్షికలతో చూశారన్నది నమోదు కాదు. "నాచో" విన్న విమర్శకుడూ "నాటు" విన్న విమర్శకుడూ ఒకే సన్నివేశంపై పరస్పర విరుద్ధమైన నిర్ణయాలు చేస్తే, అందులో సగం విభేదం వారు చూసిన ప్రతులదే కావచ్చు.

6. తెలుగు కింద ఉన్న భాష

హిందీ తెలుగును కప్పివేసిందన్న ఫిర్యాదు ఇక్కడితో ఆగితే అది సగం న్యాయమే అవుతుంది. కొమరం భీమ్ (1901–1940) గోండు. అతని మాతృభాష గోండీ. తెలుగు 'మూలం'లో భీమ్, అతని బృందం, మల్లి తల్లి మాట్లాడే ప్రధాన భాష తెలుగు. అంటే తెలుగు పాఠం కూడా ఒక డబ్బింగే. అయితే అది రచన దశలోనే జరిగిపోయినందువల్ల ఎవరికీ డబ్బింగ్‌గా తోచదు. దొరసాని మాట తెలియక బిడ్డను పోగొట్టుకున్న తల్లి వేదన తెలుగు ప్రేక్షకుడికి నేరుగా అర్థమవుతుంది. ఆ తల్లి తన భాషలోనే మాట్లాడి ఉంటే, తెలుగు ప్రేక్షకుడు కూడా ఉపశీర్షికలు చదువుకోవలసిన స్థితిలో ఉండేవాడు. అది తెలుగు ప్రేక్షకుడికి ఏమాత్రం అలవాటు లేని స్థానం.

భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో తెలుగు, గోండీ ద్రావిడ కుటుంబంలోని ఒకే ఉపశాఖకు చెందిన భాషలు. 2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాషగా నమోదైనవారు దాదాపు 30 లక్షలు. ఆదిలాబాద్ జిల్లాలోని గుంజాల గ్రామంలో లభించిన లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. కనుక గోండీని అక్షరం లేని అడవిభాషగా భావించే అవకాశం నేడు లేదు. అయినా థియేటర్లకూ, ఆ పైన ఓటీటీకీ వచ్చిన ఐదు భారతీయ భాషారూపాలలో గోండీ లేదు. అది ఉండాలన్న చర్చ తెలుగు పత్రికలలో బలంగా వినిపించనూ లేదు. నెట్‌ఫ్లిక్స్‌లో తెలుగు లేకపోవడంపై వెల్లువెత్తిన అసంతృప్తిని దీని పక్కన ఉంచి చూడాలి.

సినిమా చివరలో జెండా మీద రామరాజు రాసే మాటలు "జల్, జంగల్, జమీన్". భీమ్ పోరాటానికి ప్రతీకగా నిలిచిన ఆ నినాదం ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యపు పలుకుబడిలోనిది. గోండీ మాట్లాడే మనిషి, తెలుగు సంభాషణలు, హిందుస్తానీ నినాదం. ఆ దృశ్యం వరకు వచ్చేసరికి హిందీ పాఠానికీ తెలుగు పాఠానికీ భేదం చెరిగిపోతుంది. రెండింటిలోనూ అవే మూడు మాటలు. రాసేది చదువు వచ్చిన రామరాజు. చూస్తూ నిలబడేది భీమ్.